పాలు చూడు

"మీ అమ్మాయి సైటు తెరుచుకోవడం లేదేంటండీ?" అంది గౌను పొడవు తగ్గించమని వచ్చినావిడ.

నేను అప్పుడు నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడి గౌను అంచు మడుస్తున్నాను. ఆ మాటకి సూదులు మింగినంత పనయింది. వాటిని ఒక్కొక్కటే తీసి మణికట్టుకున్న దిండులో గుచ్చి, "తెరుచుకోకపోవడమేంటి?" అన్నాను.

ఆవిడ ఫోను నా మొహం ముందు పెట్టింది. తెల్లటి పేజీ, మధ్యలో నల్లటి అక్షరాలు. 'కాపీరైటు ఫిర్యాదు అందినందున ఈ సైటు నిలిపివేయబడినది.' రెండుసార్లు చదివితేగానీ నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చదవకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సైటు సంగతి ముందు చెప్పాలి. మా ముందుగదిలో మిషను వేసుకుని ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కొత్త రకం ఏది కుట్టాల్సి వచ్చినా ముందు ఖాకీ కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి, ఏది ముందు కత్తిరించాలో ఏది తర్వాతో పక్కన వరసగా రాసుకుంటాను. నా చదువు ఎనిమిదో తరగతి దగ్గరే ఆగింది. మర్చిపోతానేమోనన్న భయం మాత్రం పెద్ద చదువులన్నీ చదివేసింది. అందుకే రాసుకోవడం. అలా నలభై ఒక్క కాగితాలు పోగయ్యాయి. మా అమ్మాయి గ్రంథాలయంలో పాత పుస్తకాలని స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఉంది. నాలుగేళ్ళ క్రితం తన పై అధికారి పెద్దావిడని అడిగి నా కాగితాలు కూడా స్కాన్ చేసి, వాటితో ఒక సైటు మొదలుపెట్టింది. ఏ ఊరి దర్జీ అయినా తన కత్తిరింపు కాగితాలు అందులో పెట్టొచ్చు, ఎదుటివాళ్ళవి దింపుకోవచ్చు.

ఈ పంచుకునేవాళ్ళ భాషే వేరు. దింపుకున్నదాన్ని దాచుకోకుండా ఇంకొకరికి అందించేవాళ్ళు విత్తేవాళ్ళట. తీసుకుని ఒక్క కాగితమైనా పెట్టకుండా మాయమయ్యేవాళ్ళు జలగలట. మొదట్లో ఒకరోజు మా అమ్మాయి అన్నం తింటూ, "ఇవాళ ఒక్కరోజే మూడొందల జలగలమ్మా" అంటే, నేను లేచి వెళ్ళి మంచాల కింద ఉప్పు చల్లి వచ్చాను. ఆ ఉప్పు కథ మా ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు.

సరే, గౌను ఆవిడ వెళ్ళిపోయింది. నేను తలుపు గడియ వేశాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నాకు కీడు ఎంచడంతోనే పొద్దు సరిపోతుంది, మేలు దాకా ఎప్పుడూ వెళ్ళను. కాపీరైటు అన్నారంటే దొంగతనమన్నట్టే. దొంగతనమంటే పోలీసులు వస్తారు. వస్తే ఇల్లు సోదా చేస్తారు. చేస్తే అలమారలో కట్టగట్టి ఉన్న నలభై ఒక్క కాగితాలూ దొరుకుతాయి. దొరికితే పిల్లని తీసుకుపోతారు. ఇదంతా నాకు కళ్ళముందు జరిగిపోతున్నట్టే ఉంది. జీపు రంగు కూడా కనిపించింది.

కట్ట తీసి బకెట్లో వేసి, నీళ్ళు పోసి, సబ్బుపొడి వేశాను.

మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ ఇంటికొచ్చారు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మా అమ్మాయి చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. కంచం ముందు కూర్చుంది గానీ చెయ్యి కడుక్కోలేదు.

"మన నలభై ఒక్క కాగితాలూ వాళ్ళ పుస్తకంలోంచి మనం ఎత్తేశామంటమ్మా" అంది.

"ఎవరు వాళ్ళు?"

"ఒక పుస్తకాల కంపెనీ. రెండేళ్ళ క్రితం లావుపాటి కుట్టుపని పుస్తకం వేశారట. అందులో ఉన్నవీ మన సైటులో ఉన్నవీ ఒకటేనని ఫిర్యాదు చేశారు."

"ఆ పుస్తకం నేను కళ్ళతో కూడా చూడలేదే."

"నేనూ చూడలేదు. మా గ్రంథాలయంలో ఉన్న ఒక్క ప్రతీ ఎవరో తీసుకెళ్ళి ఏడాదైంది, తిరిగివ్వలేదు."

"జలగ" అన్నారు మా ఆయన, కంచంలోంచి తల ఎత్తకుండా.

"అయితే మనదే ముందు కదా. వాళ్ళది రెండేళ్ళు, మనది నాలుగేళ్ళు" అన్నాను.

"పోయినేడు సైటుని కొత్త కంప్యూటర్లోకి మార్చాను కదమ్మా. అప్పుడు అన్నిటి మీదా మార్చిన రోజు తేదీయే పడింది. పాతది తుక్కుకి పోయింది. ఇప్పుడు చూసేవాళ్ళకి పుస్తకం ముందు, మనం తర్వాత." కాగితం విప్పి నా వైపు తిప్పింది. "బుధవారం విచారణ. ఇవి నీవేనని తేలితే సైటు తెరుస్తారు. లేకపోతే ఇంక ఎప్పటికీ తెరవరు. కాపీ కేసు పడ్డ మనిషిని స్కానరు ముందు కూర్చోబెట్టలేనని మా పెద్దావిడ కూడా చెప్పేసింది."

"అంటే ఉద్యోగం?"

"అదీ పోతుంది."

"జైలు?"

"జైలని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనట్లేదు కాబట్టే అడుగుతున్నా."

మా అమ్మాయి నవ్వింది. పొద్దున్నుంచీ ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారని చూస్తేనే తెలుస్తోంది. "నువ్వు కంగారుపడకు. నీ అసలు కాగితాలున్నాయిగా. పాత సిరా, నలిగిన కాగితం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, ఇవి రెండేళ్ళవి కాదని. అవి తీసి బయట పెట్టు, చాలు."

నేను లేచి వెళ్ళి బకెట్ తెచ్చి వాళ్ళ మధ్యలో పెట్టాను.

ఇద్దరూ అందులోకి వంగి చూశారు. మా అమ్మాయి చెయ్యి ముంచి పైకి తీసింది. దోసెడు బూడిదరంగు ముద్ద వచ్చింది. దాని మీద 'భు' అనే ఒక్క అక్షరం మిగిలి ఉంది. భుజంలోది.

"సబ్బు కూడా వేశావా?" అన్నారు మా ఆయన.

"రెండు చెంచాలు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాళ్ళని చూశాను. భుజాలు నానబెట్టినదాన్ని నిన్నే చూడటం."

మా అమ్మాయి మాత్రం ముద్దని మెల్లగా మళ్ళీ నీళ్ళలోకి వదిలి, చెయ్యి తుడుచుకుంది. తిట్టినా బాగుండేది. ఆ పూట ఏదో ఎంగిలిపడ్డాననిపించి లేచి వెళ్ళిపోయింది. నా భయమే నా పిల్ల కొంప ముంచింది. ఇన్నేళ్ళుగా ఎవరో వచ్చి ఏదో చేస్తారని హడలిపోతూనే ఉన్నాను. తీరా చూస్తే ఎవరూ రానక్కర్లేకపోయింది.

"ఏవండీ, ఇప్పుడెలా?" అన్నాను.

"ఎలా ఏముంది. లిఫ్టు మధ్యలో ఆగితే తలుపులు బాదేవాళ్ళకే ఊపిరాడదు. ఊరికే నిలబడ్డవాళ్ళకి ఏమీ కాదు" అన్నారు.

"ఆగిపోయిన లిఫ్టులో మీరెప్పుడైనా ఉన్నారా?"

"నేనెందుకుంటాను. నేను బయటుంటాను."

బుధవారం ముగ్గురం బయల్దేరాం. విచారణ కాపీరైటు ఆఫీసు మూడో అంతస్తులో. ఆ భవనంలో లిఫ్టు మా ఆయన చూసేదే కాబట్టి నేను మెట్లెక్కాను. ఎక్కుతూ ఉండగా మా అమ్మాయి, "నువ్వు అడిగితేనే మాట్లాడాలి, సరేనా?" అంది.

"నేనెప్పుడు మాట్లాడాను?"

మా ఆయన దగ్గారు.

గదిలో పొడుగు బల్ల, దాని మీద ఫైళ్ళ కట్టలు, పళ్ళెం మూత పెట్టిన నీళ్ళ జగ్గు. బల్లకి అటువైపు కళ్ళద్దాలు తాడుకి వేలాడదీసుకున్న అధికారిణి కూర్చుని ఉన్నారు. మాకు కాస్త ఎడంగా ఉన్న కుర్చీలో కంపెనీ తరఫు మనిషి. మంచి కోటు, ఇస్త్రీ చేసిన చొక్కా. కానీ ఎడమ చంక దగ్గర కోటు పట్టేసి, వీపు మీద మూడు ముడతలు పడ్డాయి. చెయ్యి ఎత్తినప్పుడల్లా నాకు ప్రాణం విలవిల్లాడింది.

మా అమ్మాయి చెప్పాల్సింది చెప్పింది. కాగితాలు అమ్మవి, సైటు నాలుగేళ్ళ నాటిది, తేదీలు ఇలా మారిపోయాయి అని.

"అసలు కాగితాలు తెచ్చారా?" అని అడిగారు అధికారిణి.

"పాడైపోయాయండీ" అంది మా అమ్మాయి. నా వైపు చూడలేదు.

కంపెనీ ఆయన లేచి నిలబడ్డాడు. పుస్తకం బల్ల మీద పెట్టాడు. మోయడానికి రెండు చేతులూ కావలసినంత పుస్తకం. "ఇందులో ప్రతి గీతా, ప్రతి కొలతా, ప్రతి మాటా మా నిపుణులు సొంతంగా తయారుచేసినవి మేడమ్. అంచెలు, పదాలతో సహా. వీళ్ళు పొల్లుపోకుండా దించేశారు" అన్నాడు.

దొంగే దొంగా దొంగా అని అరిస్తే ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు. ఇంత మర్యాదగా ఉంటుందని అనుకోలేదు.

అధికారిణి కళ్ళద్దాలు పెట్టుకుని ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో మా సైటు నుంచి తీసిన ముద్రణ కాగితాలు తిప్పారు. ఒకచోట ఆగి, "నేనూ ఒకప్పుడు మిషను తొక్కినదాన్నే. ఈ మాట ఎప్పుడూ వినలేదు" అన్నారు. "కుచ్చుల ఫ్రాకు. 'చంక గుండ్రంగా గీయాలి. పాలు చూడు. తర్వాత మెడ.' రెండిట్లోనూ ఇలాగే ఉంది. పాలు చూడటమేంటి?"

కంపెనీ ఆయన చక్కగా నవ్వాడు. "పుస్తకం చివర పదకోశం ఉంది మేడమ్." తిప్పి చదివాడు. "'పాలు అనగా భాగములు. ముందు పాలు, వెనుక పాలు, చేతుల పాలు. మెడ కత్తిరించుటకు ముందు పాలన్నియు సమముగా నున్నవో లేవో చూడవలెను.'"

"ఓహో. బాగానే ఉంది" అన్నారు ఆవిడ.

"బాలేదండీ" అన్నాను నేను.

మా అమ్మాయి బల్ల కింద నా మోకాలు పట్టుకుంది. కానీ మాట అప్పటికే బయటపడిపోయింది.

"మీరెవరు?"

"ఆ కాగితాలు గీసినదాన్నండీ. అవి భాగాలు కావు, తాగే పాలు." అందరూ నన్నే చూస్తున్నారు. ఇక ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే. "గీత మీద కూర్చుంటే నాకు ఇంకేమీ తెలీదండీ. ఒకసారి పాలు పెట్టి మర్చిపోతే గిన్నె మాడి, పొగ కమ్ముకుని ఇల్లు తగలడుతోందని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అప్పట్నుంచీ భయం. పాలు పొయ్యి మీద పెట్టి కూర్చుంటే, అవి పొంగే టైముకి నా చెయ్యి కాగితం మీద ఎక్కడిదాకా వస్తుందో నాకు తెలుసు. అక్కడ ముందే రాసి పెట్టుకుంటాను, పాలు చూడు అని. చెయ్యి అక్కడికి రాగానే కళ్ళబడుతుంది. లేచి వెళ్ళి చూసొస్తాను. వచ్చి మెడ గీస్తాను."

"ఇది ఇప్పటికిప్పుడు అల్లిన కథ మేడమ్" అన్నాడు కంపెనీ ఆయన.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా అమ్మా?" అని నన్నే అడిగారు ఆవిడ.

"బోలెడండీ. కాలర్ చొక్కాలో 'గ్యాస్ ఆపానా' అని ఉంటుంది."

ఆవిడ ముద్రణ కాగితాల్లో వెతికి తీశారు. అక్కడ నా చేతిరాత ఉంది, గ్యాస్ ఆపానా అని. పుస్తకం తిప్పారు. చదివి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని పైకి చదివారు. "'గ్యాప్ ఆపవలెను.' కింద వివరం. 'కుట్టుకును కుట్టుకును నడుమ ఖాళీ రానీయరాదు.'"

"నా 'స' అలాగే ఉంటుందండీ, 'ప'లాగా" అన్నాను. "కింద మెలిక తిరగదు. చిన్నప్పుడు దానికి ఎన్ని మొట్టికాయలు తిన్నానో."

"మాట పొల్లుపోకుండా దించేశారన్నారు కదా మీరు" అన్నారు ఆవిడ కంపెనీ ఆయనతో. "వీళ్ళు మీ 'గ్యాప్' చూసి 'గ్యాస్' అని దించారా? లేక మీవాళ్ళు ఈవిడ 'స'ని 'ప' అనుకున్నారా?"

ఆయన జగ్గు వైపు చెయ్యి చాపాడు. చంక పట్టేయడంతో అందలేదు. మా ఆయన లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చారు.

ఇప్పుడు అధికారిణికి హుషారొచ్చింది. పేజీలు తనే తిప్పుకుంటూ పోయారు. ఇరవై ఆరో కాగితం దగ్గర ఆగారు. బడి పిల్లల గౌను అది. "'నడుము పట్టీ కత్తిరించాలి. పిల్ల ఇంకా రాలేదు.' ఇది?"

కంపెనీ ఆయన చదవలేదు. ఆవిడే పదకోశం తీశారు. "'పిల్ల అనగా చిన్న ముక్క. కత్తిరింపులో రాని యెడల వేరొక వస్త్రమునుండి తెచ్చుకొనవలెను.'"

ముందు నవ్వింది మా ఆయనే. "ఎవరింటి నుంచి తెచ్చుకోమంటారు బాబూ?" అన్నారు.

"ఆ పిల్ల నేనేనండీ" అంది మా అమ్మాయి.

ఆవిడ కాగితం కిందికి దించి మా అమ్మాయి మొహంలోకి చూశారు. "ఎందుకు రాలేదమ్మా ఆ రోజు?"

"వాన పడుతోందని బడి గుమ్మంలో నిలబడ్డానండీ. పది నిమిషాలు."

"ఇరవై అయిదు" అన్నాను నేను.

"ఇవన్నీ స్కాన్ చేసినప్పుడు చెరిపేయొచ్చు కదా. ఎందుకు ఉంచారు?"

"చెరపబోయానండీ. అన్నీ చెరిపేస్తే కాగితం మరీ బోసిగా ఉంది. అమ్మ లేని ఇల్లులాగా. అందుకని వదిలేశాను. వాళ్ళు ఇవి కూడా అచ్చేసి ఉంటారని ఇవాళ్టిదాకా అనుకోలేదు."

ఆవిడ చాలాసేపు రాశారు. రాస్తూ మధ్యలో తల ఎత్తి, "అసలు కాగితాలు ఎలా పాడయ్యాయి?" అని అడిగారు. నేను బకెట్ సంగతి చెప్పాను. సబ్బు సంగతి మా ఆయన చెప్పారు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, గోడవైపు తిరిగి, భుజాలు కాసేపు ఊగాక మళ్ళీ ఇటు తిరిగారు.

చివరికి తేల్చింది ఇది. ఫిర్యాదు కొట్టేశారు. సైటు మీద అడ్డు ఆ రోజే తీసేయాలి. ఈ నలభై ఒక్క కాగితాలూ తమ పుస్తకంలోకి ఎలా వచ్చాయో నెల తిరిగేలోగా కంపెనీవాళ్ళే వచ్చి చెప్పుకోవాలి. కంపెనీ ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటామన్నాడు. కొట్టేసినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు ఆవిడ.

ఆయన పుస్తకం మోసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్తుంటే నేను ఉండబట్టలేకపోయాను.

"బాబూ, ఆ కోటు చంక దగ్గర ఒక చిటికెనవేలంత వదులుండాలి. ఇరవై రెండో కాగితంలో రాశాను. సాయంత్రానికి సైటు తెరుచుకుంటుంది కదా, దింపుకుని మీ దర్జీకి చూపించండి."

"చూపించి, మీది కూడా ఒకటి పెట్టండి" అన్నారు మా ఆయన. "ఊరికే తీసుకుపోతే వేరే పేరుంది."

కిందికి దిగేటప్పుడు లిఫ్టే ఎక్కాను. రెండో అంతస్తుకీ ఒకటో అంతస్తుకీ మధ్య ఒకసారి కుదుపిచ్చింది. మా ఆయన మొహం చూశాను. ఆయన పైకి చూస్తూ ఈల వేస్తున్నారు. దిగేదాకా నేను మా అమ్మాయి చెయ్యి వదల్లేదు. అది కూడా విడిపించుకోలేదు.

సైటు తెరుచుకున్నాక విచారణలో జరిగింది మా అమ్మాయి నాలుగు ముక్కల్లో అందులో రాసింది. దాంతో ఎక్కడెక్కడి దర్జీలో, నాలుగేళ్ళుగా తీసుకోవడమే తప్ప ఒక్కటీ పెట్టని జలగలు కూడా, తమ కాగితాలు పెట్టడం మొదలుపెట్టారు. ప్రతిదాని మీదా ఏదో ఒకటి రాసి ఉంటోంది. 'కుక్కర్ మూడో కూత.' 'అత్తయ్యకి మాత్ర.' 'మోటారు కట్టేయాలి.' ఒకాయన ప్యాంటు కాగితం మీద జేబు పక్కన, 'ఆవిడ పిలుస్తోంది, వినపడనట్టు ఉండు' అని రాశాడు. దాన్ని దింపుకున్నంతమంది ఇంకేదీ దింపుకోలేదట. లోకంలో నేనొక్కదాన్నే ఇలా అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు నేను నలభై ఒక్కటీ మళ్ళీ గీస్తున్నాను. సైటులో బొమ్మలున్నాయి కదా, మళ్ళీ ఎందుకమ్మా అంటుంది మా అమ్మాయి. ఏమో, రేపు ఆ కంప్యూటరు కూడా ఎవరైనా బకెట్లో ముంచితే? ఇవాళ ఇరవై ఆరో కాగితం పూర్తి చేయాలని కూర్చున్నాను. పై భాగం అయింది, నడుము పట్టీ గీశాను. గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. గ్రంథాలయం ఆరింటికి మూస్తారు. నడక పది నిమిషాలు. వాన కూడా లేదు.

పెన్ను తీసుకుని పాత చోటే రాశాను, 'పిల్ల ఇంకా రాలేదు' అని. రాసి వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. మలుపు దగ్గర తండ్రీకూతుళ్ళిద్దరూ కనిపించారు. ఏదో చెప్పుకుని నవ్వుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు, ఇంట్లో ఒక మనిషి ఎదురుచూస్తోందన్న ధ్యాసే లేదు. మా అమ్మాయి గుమ్మంలో అడుగు పెడుతూనే ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా, ఏదో మాడుతోంది."

కాగితం వైపు చూశాను. పాల మాట ఎక్కడా రాసుకోలేదు.